ఎముక బొమ్మకి నాలుగు మార్కులు సరే, బోరు నీళ్ల సంగతేంటి?

ఎడిటర్ గారికి,

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగే ఊళ్ల గురించి మీ పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా వంగిపోయిన నడుముల ఫోటో ఒకటి, ఎక్కడో ఆగిపోయిన పైప్‌లైన్ గొడవ ఒకటి ఉంటాయి. ఉండాల్సిందే. కానీ ఆ నీళ్లు ఎముకలోకి పోయి అసలేం చేస్తాయో ఒక్కసారైనా రాసినట్టు లేదు. మా దర్శి చుట్టుపక్కల పెద్దవాళ్లనడిగితే 'వయసొచ్చింది, నడుం పట్టేసింది' అనేస్తారు, ఎముకకి ప్రాణం ఉంటుందన్న సంగతే ఎవరికీ తట్టదు.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. హేవర్షియన్ వ్యవస్థ (గట్టి ఎముక లోపలి అల్లిక) అంటే మా పిల్లలకి నాలుగు మార్కుల ప్రశ్న, బొమ్మ గీసి పేర్లు పెట్టేస్తే అయిపోయింది. అదే, ఎండిన ఎముకని పలచగా కోసి వెలుగు దూరేదాకా అరగదీసిన స్లైడ్ మైక్రోస్కోప్ కింద పెడితే క్లాసులో గోల ఆగిపోతుంది. పైకి నున్నగా, గట్టిగా ఉండే ఎముకలో ఒక రంధ్రం, దాని చుట్టూ పొర మీద పొరగా వలయాలు, అలాంటి గుత్తులు పక్కపక్కనే బోలెడు, ఒక్కోటి మిల్లీమీటరులో అయిదో వంతు వెడల్పుంటుందేమో. ఆ రంధ్రంలోంచే రక్తనాళాలు, నరాలు పోతాయి. పొరల మధ్య నల్లటి చుక్కలుంటాయి, బతికున్న ఎముకలో కణాలు ఉండేది అక్కడే (స్లైడ్‌లో కణం ఎండి గాలి నిండుతుంది కాబట్టి నల్లగా కనబడతాయి), వాటి నుంచి అన్ని వైపులకీ పాకే సన్నటి గీతల గుండానే కణాలకి ఆహారం అందుతుంది. క్లాప్టన్ హేవర్స్ అనే ఇంగ్లండ్ డాక్టరు ఎముకలోని ఈ రంధ్రాల గురించి 1691లోనే రాశాడు.

నేను పిల్లల్ని ఎక్కువసేపు చూడమనేది మాత్రం వలయాల మధ్య సందుల్లో ఇరుక్కున్న సగం సగం ముక్కల్ని. పాత ఎముకని తవ్వేసి కొత్తది కట్టగా మిగిలినవి అవి. పెద్దయ్యాక కూడా ఏడాదికి దాదాపు పదో వంతు అస్థిపంజరం ఇలా కొత్తదవుతూనే ఉంటుంది, అంటే ఈ ఏడు తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే ఈ ఏడు కట్టిన పొరల్లోకి అది చేరుతుంది. ఎముకని గట్టిగా ఉంచే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికంలో హైడ్రాక్సిల్ అనే భాగం ఉండాల్సిన చోట తను కూర్చుంటుంది. ఎముక మందమవుతుంది, ఎక్స్‌రేలో ఇంకా తెల్లగా కనిపిస్తుంది, కానీ పొరల తీరు చెడుతుంది, మార్కాపురం పలకలాగా గట్టిదే, దెబ్బ తగిలితే మాత్రం ఆగదు. కీళ్ల దగ్గర ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు (మనం నరాలని పొరబడేవి) కూడా గట్టిపడి మెడ తిరగదు, నడుం వంగదు. ఎదిగే పిల్లల ఎముకలైతే ఫ్లోరైడ్‌ని ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి.

ఇదేం కొత్త కబురు కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు) ఉందని 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే.

ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో తాగడానికి క్యాన్ నీళ్లు కొంటున్నారు, అన్నం, పప్పు, టీ మాత్రం బోరు నీళ్లతోనే. కాగబెడితే ఫ్లోరైడ్ పోదండీ, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశపు ప్రమాణమే చెబుతోంది. ఏ బోరులో ఎంతుందో ఆ బోరు మీదే పెయింట్‌తో రాయించమని పంచాయతీలని మీరు గట్టిగా అడగండి, పరీక్షలు చేయించిన ఊళ్ల అంకెలు జిల్లా పేజీలో వేయండి.

— ఒక జువాలజీ లెక్చరర్, దర్శి, ప్రకాశం జిల్లా