రిజల్ట్స్ రోజు పేపర్లో హెల్ప్‌లైన్ 14416 కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు పేపర్ తీస్తే ఒక పేజీ నిండా టాపర్ల ఫొటోలు, ఇంకో పేజీలో ఫెయిలయ్యానని విద్యార్థి ఆత్మహత్య అని హెడ్డింగ్, ఏటా ఇదే చూస్తున్నాం. ఆ హెడ్డింగ్ చదివిన ఇంకో ఫెయిలైన పిల్లకి ఏం అర్థమవుతుందండీ, ఫెయిలైతే ఇంక అంతే అనే కదా. బతకాలనే ఆశ ఊరికే పోదు, ముందు దారి లేదని మనసు నమ్మినప్పుడు పోతుంది. దారేమో ఉంటుంది, కొద్ది వారాల్లో సప్లిమెంటరీ ఉంటుంది, కానీ ఆ గంటలో ఆ పిల్లకి అది కనపడదు.

2019 గుర్తుందా? తెలంగాణలో ఏప్రిల్ 18న రిజల్ట్స్ ఇచ్చారు, కొన్ని రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు పోయారు. తర్వాత ఫెయిలైన 3 లక్షల మందికి పైగా పిల్లల పేపర్లు మళ్లీ చూపిస్తే 1,137 మంది పాసయ్యారు. తెలుగులో 99 వచ్చిన ఒక అమ్మాయికి ముందు సున్నా వేశారు! మార్కులు కరెక్టే అనుకున్నా సరే, అవి ఒక పరీక్షవి, మనిషివి కాదు.

మైండ్‌సెట్ మార్చుకో, పాజిటివ్‌గా ఉండు అని పిల్లలకి తెగ చెప్తాం, అసలు ఆ మైండ్‌సెట్ పెట్టింది మనమే కదండీ, అన్నం తినేటప్పుడు పక్కింటి అబ్బాయికి 980 అంట అంటాం, ఫీజు ఎంత కట్టామో గుర్తు చేస్తాం, పిల్ల తల దించుకుని తిని లేచిపోతుంది. ముందు మారాల్సింది ఇంట్లో పెద్దవాళ్లు, ఆ తర్వాత కాలేజీలు, పేపర్లు కూడా.

ఆత్మహత్య వార్తల్ని పెద్దగా చూపించొద్దు, కారణం ఇదొక్కటే అని తేల్చెయ్యొద్దు, సాయం ఎక్కడ దొరుకుతుందో రాయండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, దాని గైడ్‌లైన్స్ ఆధారంగానే ప్రెస్ కౌన్సిల్ కూడా ఇలాంటి వార్తల్ని పెద్దగా చూపించొద్దని 2019లోనే చెప్పింది. కాబట్టి ఈసారి రిజల్ట్స్ రోజు ఫస్ట్ పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416 పెద్ద అక్షరాల్లో వెయ్యండి, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పక్కనే సప్లిమెంటరీ ఫీజు కట్టే లాస్ట్ డేట్ ఇవ్వండి. ఇంటర్ ఒకసారి తప్పి మళ్లీ రాసి ఇవాళ హాయిగా బతుకుతున్నోళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, వాళ్లు ఒప్పుకుంటే టాపర్ల పేజీలోనే వాళ్ల ఫొటోలు కూడా వెయ్యండి సార్.

ఇంటర్ చదివే అమ్మాయి తండ్రి,
కరీంనగర్