శాంతి దళాల గురించి తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళాలు వెళ్తే హింస నిజంగా తగ్గుతుందా, లేక నీలి హెల్మెట్లు పెట్టుకుని చూస్తూ నిలబడటమేనా అని అడిగావు. తగ్గుతుంది. కాకపోతే ఎంతమంది వెళ్లారు, ఎక్కడ మకాం వేశారు, చీకటి పడ్డాక బయటికి వస్తారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు సంఖ్య సంగతి. 1993లో బోస్నియాలో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన సురక్షిత ప్రాంతాలను గట్టిగా కాపాడాలంటే ఇంకో 34,000 మంది కావాలని లెక్క తేలింది. భద్రతా మండలి ఒప్పుకున్నది 7,600 మందికి. 1995 జులైలో ఆ ప్రాంతాల్లో ఒకటైన స్రెబ్రెనిత్సాలో 8,000 మందికి పైగా మగవాళ్లను, మగపిల్లలను చంపేశారు. అక్కడ కాపలా ఉన్నది తేలికపాటి ఆయుధాలతో కొన్ని వందల మంది డచ్ సైనికులు. రువాండాలోనైతే 1994 ఏప్రిల్‌లో ఊచకోత సాగుతుండగానే దళాన్ని 270 మందికి కుదించాలని తీర్మానించారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు.

సియెర్రా లియోన్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. 2000 మే నెలలో తిరుగుబాటుదారులు 500 మంది దాకా శాంతి సైనికులను బందీలుగా పట్టుకున్నారు. అయినా మిషన్ వెనక్కి రాలేదు, దళాన్ని 17,500 వరకు పెంచారు. బ్రిటిష్ సైన్యం దిగడం కూడా కలిసొచ్చిందనుకో. 2002 మొదటికల్లా 70 వేలకు పైగా పోరాటగాళ్లు తమ ఆయుధాలు అప్పగించేశారు.

సైనికులు, పోలీసులు పెరిగిన చోట పౌరుల హత్యలు తగ్గాయని పరిశోధకులు తేల్చారు. ఆయుధాల్లేని పరిశీలకులు పెరిగితే ఆ ఫలితం కనబడలేదు. వాళ్లు రిపోర్టు రాయగలరు గానీ అడ్డం నిలబడలేరు కదా.

మంది ఉన్నంత మాత్రాన కూడా పనికాదు. 2010 నుంచి 2013 దాకా పౌరులపై దాడులకు సంబంధించిన 507 ఘటనలను ఐక్యరాజ్యసమితి తనిఖీ విభాగమే పరిశీలిస్తే, దళాలు వెంటనే స్పందించినది 101 ఘటనల్లో మాత్రమే. కారణం చాలావరకు రెండు పెత్తనాలు. మిషన్ కమాండర్ కదలమంటాడు, బెటాలియన్ అధికారి తన దేశ రాజధానికి ఫోన్ చేసి అడుగుతాడు. అక్కడి నుంచి జవాబు వచ్చేసరికి ఊరు కాలిపోయి ఉంటుంది. వానాకాలంలో రోడ్డు తెగిపోయి, హెలికాప్టర్ లేకపోతే కదలాలన్నా కదలలేరు.

పనిచేసే పద్ధతి పైకి చూస్తే చాలా మామూలుగా ఉంటుంది. పెద్ద క్యాంపులో కూర్చోకుండా సంతకు, నీళ్ల దగ్గరికి దగ్గరగా చిన్న పోస్టులు వేయాలి. దుబాసీని వెంటబెట్టుకుని కాలినడకన గస్తీ తిరగాలి. సూడాన్‌లోని డార్ఫర్‌లో ఆడవాళ్లు వంటచెరకు కోసం వెళ్లేటప్పుడు దళాలు తోడు వెళ్లేవి. దానికి రోజు, దారి ముందే ఆ ఆడవాళ్లతోనే మాట్లాడుకుని పెట్టుకోవాలి. అనుకున్న రోజున ఒక్కసారి రాకపోయినా మళ్లీ నమ్మరు. కాంగోలో స్థానికులనే అనుసంధానకర్తలుగా పెట్టి, ఊళ్లలో ఫోన్లు ఇచ్చి, దాడి వార్త క్యాంపుకి చేరేలా చేశారు. ఆ ఫోన్ మోగినప్పుడు బయలుదేరడానికి బండి సిద్ధంగా లేకపోతే ఇదంతా వృథా.

ఆయుధాలు సేకరించేటప్పుడు తొందరపడటం మరీ ప్రమాదం. 2003 డిసెంబరులో లైబీరియాలో ఏర్పాట్లు పూర్తికాకముందే మొదలుపెట్టారు. అనుకున్నదానికి ఎన్నో రెట్లు మంది వచ్చిపడ్డారు, ఆయుధాలు అప్పగిస్తే ఇస్తామన్న డబ్బు వెంటనే ఇవ్వలేదని అల్లర్లు చెలరేగాయి. ఆపేసి, 2004 ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఈసారి కొత్త మిషన్ వార్త చదివినప్పుడు తీర్మానంలోని మాటలను పక్కనపెట్టి, సైనికులను ఏ దేశం ఇస్తోంది, హెలికాప్టర్లు ఎన్ని, ఆతిథ్య ప్రభుత్వం మనస్ఫూర్తిగా ఒప్పుకుందా అని చూడు. మాలిలో ప్రభుత్వం పొమ్మంది, 2023లో మిషన్ ముగిసింది.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అక్క