కొలంబియా లోయలో పాతదారి

ప్రియమైన మిత్రునికి,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమెరికాలో మేముండే ఒరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల చూడదగ్గవి ఏమున్నాయో వివరంగా రాయమని అడిగావు. చాలానే ఉన్నాయి గాని, పోయిన శనివారం మేము వెళ్ళివచ్చిన కొలంబియా నది పాత రహదారి గురించి ముందు రాస్తాను. మిగతావి చూడకపోయినా ఫరవాలేదు, ఇది మాత్రం నువ్వు చూసి తీరాలి.

పోర్ట్‌లాండ్ నుంచి తూర్పుగా వెళ్ళడానికి రెండు దారులున్నాయి. నది ఒడ్డు వెంబడి తిన్నగా సాగే ఫ్రీవే ఒకటి. ట్రౌట్‌డేల్ అనే ఊరి దగ్గర దాని నుంచి విడిపోయి కొండెక్కే పాతదారి రెండోది. 1913లో పని మొదలై 1922లో పూర్తయిన ఆ పాతదారిని శామ్యూల్ లాంకాస్టర్ అనే ఇంజనీరు రూపొందించాడు. అందరిలా దూరం తగ్గించడం గురించి కాక, దారిలో మనిషి ఆగి చూడవలసిన చోట్లు ఏవి అన్నదాని గురించే ఆయన ముందు ఆలోచించాడు. ఆ చోట్లన్నిటినీ కలుపుతూ, ఎక్కడా వాలు 5 శాతం మించకుండా రోడ్డు వేయించాడు. అంచున కట్టిన రాతి పిట్టగోడలలో చాలావరకు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లారీల రద్దీ లేదు, తొందరపెట్టేవారు లేరు. కారు నెమ్మదిగా నడుపుతూ అద్దాలు దించుకుంటే చాలు, తడిసిన నాచు వాసన లోపలికి వస్తుంది.

క్రౌన్ పాయింట్ అనే కొండ కొమ్ము నదికి 733 అడుగుల ఎత్తున ఉంది. దాని మీద ప్రయాణికులు ఆగి చుట్టూ చూడడానికి 1918లో కట్టిన విస్టా హౌస్ అనే రాతి భవనం ముందు నిలబడి రెండు పక్కలా కొండలనూ, నడుమ నదినీ చూస్తున్నప్పుడు మనం కలిసి చేసిన పాపికొండల లాంచీ ప్రయాణం గుర్తుకు వచ్చింది. ఇక్కడ నది చాలా వెడల్పు, గాలి మాత్రం మనిషిని స్థిమితంగా నిలబడనివ్వదు.

అక్కడి నుంచి దారి మెలికలు తిరుగుతూ దిగాక జలపాతాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇన్ని ఒకేచోట ఎందుకున్నాయో తెలిస్తే నీకు ఆసక్తిగా ఉంటుంది. సుమారు కోటిన్నర సంవత్సరాల క్రితం తూర్పు నుంచి లావా పొరలు పొరలుగా ప్రవహించి, గడ్డకట్టి నల్లరాయిగా మారింది. మన కొవ్వూరు దగ్గరి పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా లావా రాయే, కాకపోతే దాని వయసు సుమారు నాలుగు రెట్లు. తరవాత మంచుయుగం చివర, ఎగువన మోంటానాలో ఒక పెద్ద సరస్సుకు అడ్డుకట్టగా ఉన్న మంచు మళ్ళీ మళ్ళీ తెగిపోయి, వందల అడుగుల ఎత్తున వరదలు ఈ లోయ గుండా దూసుకుపోయాయి. ఆ తాకిడికి లోయ గోడలు నిట్టనిలువుగా కోసుకుపోగా, పక్కనుంచి వచ్చి నదిలో కలిసే చిన్న చిన్న వాగులు పైనే ఉండిపోయి, అంచు మీదినుంచి దూకడం తప్ప వేరే దారి లేకుండా అయింది.

వీటిలో పేరు మోసినది మల్ట్నోమా. మొత్తం 620 అడుగులు, రెండు అంచెలుగా పడుతుంది. ఆ రెండు అంచెల నడుమ 1914లో కట్టిన కాంక్రీటు వంతెన మీద నిలబడితే పైనుంచి తుంపర్లు ముఖాన పడతాయి. 1995లో బస్సంత బండరాయి ఒకటి పై మడుగులో పడి, వంతెన మీద ఫొటోలు దిగుతున్న పెళ్ళివారు స్వల్పంగా గాయపడ్డారట. 2017లో ఒక కుర్రవాడు విసిరిన టపాకాయ వల్ల రేగిన కార్చిచ్చు 48 వేల ఎకరాలకు పైగా వ్యాపించినప్పుడు, జలపాతం కింద ఉన్న 1925 నాటి వసతి గృహాన్ని అగ్నిమాపక సిబ్బంది రాత్రంతా కాపలా కాసి దక్కించారు. మాడిన చెట్ల మొదళ్ళు కొండ మీద ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. వాటిని చూస్తే నిజంగా బాధ కలుగుతుంది.

అయినా నా మనసు దోచినది మల్ట్నోమా కాదు, ఇంకొంచెం తూర్పున ఉన్న హార్స్‌టెయిల్. దాని ఎత్తు 176 అడుగులే. కాని అది రోడ్డు పక్కనే ఉంది. టికెట్టు లేదు, మెట్లు లేవు, నడక లేదు. కారు ఆపి తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు. అవి గాలిలోకి దూకవు, రాతిని అంటిపెట్టుకునే జారి, కింద మడుగులో పడతాయి. మడుగు అంచున బూడిదరంగు పిట్ట ఒకటి, డిప్పర్ అంటారు దాన్ని, రాయి మీద గుంజీలు తీస్తున్నట్టు ఒళ్ళు కిందికీ పైకీ ఊపుతూ, ఉన్నట్టుండి నీళ్ళలో మునిగి, అవతల రాయి దగ్గర ముక్కున పురుగుతో తేలింది. మా వాడు కళ్ళజోడు మీది తుంపర్లు తుడుచుకుంటూ, అది మళ్ళీ ఎప్పుడు మునుగుతుందా అని చూస్తూ కదలనన్నాడు. మీ చెల్లెలు పులిహోర పొట్లాలు అక్కడే విప్పింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళూ, చక్రాల కుర్చీలో వచ్చిన ఒక ముసలావిడా మాతో సమానంగా ఆ జలపాతాన్ని చూశారు. కష్టపడి ఎక్కినవారికే అందం దక్కాలన్న మాట నేను ఒప్పుకోను. లాంకాస్టర్ దారిని ఇలా వేసినందుకు ఆయన మీద గౌరవం కలిగింది.

అమ్మగారిని కూడా తప్పకుండా తీసుకురా. ఆవిడ ఎక్కడా మెట్లు ఎక్కనవసరం లేకుండా క్రౌన్ పాయింట్ నుంచి హార్స్‌టెయిల్ దాకా చూపించే పూచీ నాది. ఏప్రిల్, మే నెలల్లో వస్తే వాగులు నిండుగా ఉంటాయి, రద్దీ కూడా తక్కువ. అందులోనూ శని, ఆదివారాలు కాకుండా చూసుకో. వేసవి ముదిరితే మల్ట్నోమా దగ్గర కారు నిలపడానికే ముందుగా అనుమతి తీసుకోవలసి రావచ్చు. అందరికీ స్వెట్టర్లు, తడిసినా జారని బూట్లు పెట్టుకో. సెలవు ఖాయం కాగానే తేదీలు రాయి, నేనూ ఇక్కడ ఆఫీసులో చెప్పుకోవాలి.

ఇట్లు,
నీ మిత్రుడు