అచ్చమాంబ మా వైపు మనిషి కూడా

సంపాదకుల వారికి నమస్కారం.

తెలుగులో తొలి కథ ఏది అంటూ మీ ఆదివారం సంచికలో వేసిన వ్యాసం చదివాను. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది, భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో అచ్చయింది, ఆ ఇద్దరిలో ఎవరు ముందో తేదీలే చెప్తుంటే ఇంకా పంచాయితీ ఎందుకో. నాకు వెలితి అనిపించింది వేరే. అచ్చమాంబది అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

1874లో పుట్టింది అక్కడే, కాదనను. కానీ చిన్నప్పుడే పెళ్లయి, భర్త మాధవరావు గారి ఉద్యోగం వెంట ఆవిడ బతికింది నాగపూర్, బిలాస్‌పూర్ వైపు, బ్రిటిష్ వాళ్ల కాలం నాటి సెంట్రల్ ప్రావిన్సెస్ రాష్ట్రంలో. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న మా సిరొంచ కూడా అప్పుడు చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో, ఆ నాగపూర్ సర్కారు కిందే ఉండేది! ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ, ఇప్పుడు మేం బతుకుతున్నట్టే. బడికి పంపకపోయినా తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే తానూ పట్టుబట్టి నేర్చుకుంది, మరాఠీ, హిందీ కూడా వచ్చేశాయి. కన్న బిడ్డలిద్దరూ పోయారు. ఆ దుఃఖంలోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని స్త్రీల జీవిత చరిత్రల పుస్తకం రాసింది, బందరులో స్త్రీ సమాజం పెట్టించింది, 1905లో ముప్ఫై ఏళ్లకే బిలాస్‌పూర్‌లో కన్నుమూసింది.

‘ధనత్రయోదశి’లో భర్త దుకాణంలో గుమాస్తా. పండక్కి చేతిలో పైసా లేక యజమాని డబ్బు ఇంటికి తెస్తాడు, ఆ డబ్బుతో పండగ నాకొద్దు, ఇచ్చేసి రా అంటుంది భార్య. కథలో నీతి కాస్త ఎక్కువే, ఈ కాలం పిల్లలు నవ్వుతారేమో. అయినా మా బజారులో ధనత్రయోదశి నాడు ధర అడిగి, చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి వచ్చే ఆడవాళ్లను చూస్తే ఆ ఇల్లాలు ఎక్కడో దూరాన లేదనిపిస్తుంది. నాకు అంతకన్నా ఆవిడదే ‘స్త్రీవిద్య’ కథ ఇష్టం. చదువుకోమని మొగుడు చెప్తుంటే పెళ్లాం ఒక్కో సాకు వెతుకుతుంది, ఆ మాటల పోటీ ఇప్పటికీ పాతబడలేదు.

ఇక్కడ మరాఠీ బడిలో చదివే మా పిల్లలు వాట్సాప్‌లో తెలుగు మాటలను మరాఠీ లిపిలో రాసుకుంటారు. తెలుగు అక్షరం కూడబలుక్కుని చదివేవాళ్లకు తొలి కథ చర్చలతో పనేముంది, కథ చేతికిస్తే చదువుతారు. నూరేళ్లు దాటిపోయింది కాబట్టి హక్కుల గొడవ కూడా లేదు. ఈ దీపావళికి మీ సంచికలో ఆ రెండు కథలూ పూర్తిగా వేయండి, కుదిస్తే మాత్రం వద్దు. కాస్త పెద్ద అక్షరాల్లో వేస్తే మా అత్తమ్మ కూడా చదువుతుంది, ఫోన్‌లో అయితే ఆమెకు కనపడదు.

– ఒక పాఠకురాలు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర