సుబేదార్ సాబ్‌కు, తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

నా డిసెబిలిటీ పెన్షన్ మంజూరైనట్లు నిన్న సాయంత్రం సైనిక పెన్షన్ల వెబ్‌సైట్ స్పర్శ్‌లోని నా ఖాతాలో పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) కనిపించింది. రాత్రి కునుకు పట్టలేదు. సంతోషం కన్నా అలసటే ఎక్కువగా ఉంది కాబట్టి ఈ రాతలో పొరపాట్లు దొర్లితే మన్నించగలరు.

ఫిట్స్ కారణంగా పదేళ్ల సర్వీసు నిండకముందే నేను ఆర్మీ నుంచి బోర్డ్ అవుట్ అయ్యాను, అంటే మెడికల్ బోర్డు అనర్హుడినని తేల్చడంతో సర్వీసు నుంచి పంపించేశారు. మెడికల్ బోర్డు వైకల్యాన్ని 20 శాతంగా నిర్ధారిస్తూనే, ఈ జబ్బు సైనిక సేవ వల్ల రాలేదనీ, సేవ వల్ల ముదరలేదనీ రాసింది. ఆ ఒక్క వాక్యంతో క్లెయిము కొట్టేశారు.

ఆ తిరస్కరణ ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మిలటరీ క్యాంటీన్ వరుసలో నిలబడి ఉండగా, నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి "బోర్డ్ అవుటా, బాబూ?" అని అడిగారు. రికార్డ్ ఆఫీసులో క్లర్కుగా పనిచేసి సుబేదారుగా రిటైరైన ఆయన, సరుకుల కోసం తన వంతు కూడా వదులుకుని, నన్ను సైకిల్ స్టాండు పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, ప్రతి కాగితాన్నీ వరుస వెంట వేలు జరుపుతూ చదివారు. భర్తీ నాటి వైద్య పరీక్ష పత్రం దగ్గర వేలు ఆగింది. అందులో ఫిట్స్ గడికి ఎదురుగా "లేదు" అని ఉంది. "చేరినప్పుడు లేని జబ్బు మధ్యలో వస్తే, దానికి సర్వీసు కారణం కాదని రుజువు చేయాల్సింది వాళ్లు, నువ్వు కాదు" అన్నారు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదేననీ, ఆ సిపాయిదీ ఫిట్స్ కేసే, 20 శాతమేననీ ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

అప్పీలు ఆయనే స్వహస్తంతో రాసిపెట్టారు. మధ్యలో పెన్ను ఆపి, "తేరుకున్నాక ఎంతసేపటికి మనుషుల్ని గుర్తుపడతావు?" అని అడిగారు. ఇన్ని బోర్డుల్లో, ఇన్ని కిటికీల దగ్గర శాతం అడిగినవారే గాని ఆ మాట అడిగినవారు లేరు. జవాబు చెప్పబోయి, అంతమంది మధ్య ఏడ్చేశాను. ఆయన తన తువ్వాలు నా చేతిలో పెట్టి, మిగిలిన సగం పేజీ పూర్తి చేశారు. డబ్బులు ఇవ్వబోతే కోప్పడ్డారు. పేరు ఎక్కడా రాయవద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు.

ఒక మాట మాత్రం అనకుండా ఉండలేకపోతున్నాను. భర్తీ నాటికి జబ్బు నమోదై లేకపోతే సందేహ లాభం సైనికుడికే దక్కాలని సుప్రీంకోర్టు పదేపదే చెప్పినా, అదే అచ్చు వాక్యంతో తిరస్కరణలు ఇంకా ఎందుకు వస్తున్నాయి? బోర్డ్ అవుట్ అయినవారికి 50 శాతం లోపు వైకల్యాన్ని 50 శాతంగా లెక్కకట్టాలన్న ఉత్తర్వు 2001 నాటిదే అయినా, దాన్ని గురించి నాకు ఏ అధికారీ చెప్పలేదు. అప్పీలుకు గడువుందని ఉత్తరంలో ఉంటుంది గాని, మందుల మగతలో ఉన్న మనిషి ఏ పత్రాలు జతచేయాలో అందులో ఉండదు. ఒక కార్యాలయమైతే పుట్టిన తేదీలో తాము తప్పుగా ఎక్కించిన అంకెకే నా కట్ట మొత్తం వెనక్కి పంపింది.

నా భార్య, అమ్మానాన్నలు, తమ్ముడు ఎప్పటిలాగే వెన్నంటి ఉన్నారు, వారికి వేరే చెప్పనక్కర్లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నా అప్పీలును అదే రోజు పంపించిన మేడమ్ గారికి ధన్యవాదాలు. లేహ్ వైపు పోస్టులో మొదటిసారి పడిపోయిన రాత్రి నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, అడగ్గానే ఆ సంగతి వాంగ్మూలంగా రాసిచ్చిన ఒడియా మిత్రుడిని ముందే తలచుకోవలసింది. స్పర్శ్‌లో లాగిన్ కుదరనప్పుడు విసుక్కోకుండా కూర్చున్న మీసేవ తమ్ముడికి కూడా.

బస్టాండు ఎదుటి జిరాక్స్ షాపు అన్నను మరిచాను. చిరిగిన డిశ్చార్జి బుక్కు పేజీలను అద్దం మీద ఒక్కొక్కటీ సరిచేసి కాపీలు తీసి, సగం డబ్బులే తీసుకున్నారు.