నెత్తురు తీసుకెళ్లినవాళ్లు జవాబు కూడా తెచ్చివ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఫలానా విదేశీ విశ్వవిద్యాలయంతో మన సంస్థ ఒప్పందం కుదుర్చుకుందనే వార్తలు మీ పత్రికలో తరచూ చదువుతుంటాను. 'ప్రజారోగ్యం, అటవీ పర్యావరణంపై ఉమ్మడి పరిశోధన' అని రాస్తారు. ఆ పరిశోధన ఏ ఊళ్లో జరుగుతుందో, ఆ ఊరివాళ్లకు ఏం చెప్పారో మాత్రం ఎక్కడా ఉండదు. అది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రంపచోడవరం ఏజెన్సీలో ముప్పై ఏళ్లకు పైగా హెల్త్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. జ్వరం వచ్చినవాళ్ల వేలికి సూది గుచ్చి మలేరియా పరీక్షకు రక్తపూతలు తీయడం, ఇళ్లలో మందు కొట్టించడం, దోమతెరలు పంచడం నా పని. సర్వీసులో ఉండగా ఒకసారి విదేశీ పరిశోధకులు, మనవాళ్లు కలిసి ఒక కొండరెడ్డి గిరిజనుల ఊరికి వచ్చారు. ఏ సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. మాట సాయానికి నన్ను వెంట పంపారు. రెండు సీజన్లు తిరిగాం. ఇంటింటికీ వెళ్లి రక్తం తీశారు, రాత్రిళ్లు పశువుల పాకల్లో టార్చి వేసి దోమలు పట్టారు. వచ్చినవాళ్లు మంచివాళ్లు, కష్టపడేవాళ్లు. ఊరివాళ్లతో గంజి తాగారు, అరుగుల మీద పడుకున్నారు. పని అయిపోయింది, వెళ్లిపోయారు.

మూడేళ్లకు మందు కొట్టించడానికి మళ్లీ ఆ ఊరు వెళ్తే ఒక పెద్దావిడ నన్ను గుర్తుపట్టింది. "సారూ, మా నెత్తురు పట్టుకెళ్లారు గదా, ఏటి తేలింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పైఆఫీసులో అడిగితే 'పేపరు అచ్చయింది' అన్నారు. అది ఇంగ్లిషులో ఉంటుంది, చదవాలంటే చాలాసార్లు డబ్బు కట్టాలి. ఆవిడ అడిగిన దానికి అది జవాబు ఎలా అవుతుంది?

ఇలాంటి పరిశోధనలు వద్దని నేను అనడం లేదు. అడవి, జబ్బు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో ఒక్క దేశం, ఒక్క శాఖ తేల్చుకోగలిగేది కాదు. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ కర్ణాటకలో ఉంది. 1957లో షిమోగా జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చచ్చిపడ్డాయి, చుట్టుపక్కల ఊళ్లలో జనం జ్వరాలతో మంచమెక్కారు. దోమలతో వ్యాపించే ఎల్లో ఫీవర్ మన దేశంలోకి వచ్చేసిందేమోనని మొదట అధికారులు హడలిపోయారు. అక్కడికి వెళ్లి పరీక్షలు చేసింది పుణేలోని వైరస్ రీసెర్చ్ సెంటర్. 1952లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కలిసి పెట్టిన సంస్థ అది. అది ఎల్లో ఫీవర్ కాదు, ఎవరికీ తెలియని కొత్త వైరస్ అనీ, పిడుదుల ద్వారా వస్తోందనీ వాళ్లు తేల్చారు. అక్కడి జనం దాన్ని 'మంగన కాయిలె' అంటారు, అంటే కోతి జబ్బు.

ఆ జబ్బు వెనకున్న అడవి కథను విప్పినవాళ్లలో కొలంబియా నుంచి వచ్చిన జార్జ్ బోషెల్ అనే డాక్టరు ముఖ్యుడు. తన దేశంలో చెట్లు కొట్టే కూలీలకు ఎల్లో ఫీవర్ ఎలా అంటుతోందో ఆయన అంతకుముందే చూసి ఉన్నారు. చెట్టు కూలగానే కొమ్మల పైభాగంలో ఉండే దోమలు కిందికి వచ్చి కూలీలను కుట్టేవట. ఆ కళ్లతోనే ఆయన క్యాసనూరు ఉన్న మలెనాడు కొండల అడవిని చూశారు. అడవి అంచులు నరికి పొలాలు చేసుకున్నారు, పశువులు మేతకు లోపలికి వెళ్తున్నాయి. ఎదిగిన పిడుదులకు ఆ పశువుల ఒళ్లే ఆహారం, అందుకే అక్కడ అవి విపరీతంగా పెరిగాయి. కోతి చచ్చిపోతే దాని ఒంటి మీది పిడుదులు నేల మీద రాలి, పుల్లలకూ ఆకులకూ వచ్చేవాళ్లను పట్టుకుంటాయి. 1960ల్లోనే ఇంత స్పష్టంగా తెలిసింది. అమెరికా డబ్బు, కొలంబియా అనుభవం, మన శాస్త్రవేత్తల శ్రమ, అక్కడి జనం చూపించిన దారులు అన్నీ కలిస్తేనే అది తెలిసింది.

అయినా ఆ జబ్బు పోలేదు. ఏటా నాలుగైదు వందల మందికి వస్తూనే ఉందని లెక్కలు చెబుతాయి, వచ్చినవాళ్లలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు పోతారు. 2012 తర్వాత తమిళనాడు, కేరళ, గోవా, మహారాష్ట్రల్లో కూడా బయటపడింది. దశాబ్దాల పాటు వేసిన టీకా సరిగా పనిచేయడం లేదని తేలి 2022లో ఆపేశారు. ఇప్పుడు మన హైదరాబాదులోని టీకాల కంపెనీ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఐసీఎంఆర్‌తో కలిసి కొత్త టీకా మీద పనిచేస్తోంది. అది త్వరగా రావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఈ మధ్య కర్ణాటకలోనే ఈ కోతి జబ్బు మీద జరిగిన ఇంకో ఉమ్మడి పరిశోధన నాకు నచ్చింది. బ్రిటన్‌లోని సెంటర్ ఫర్ ఎకాలజీ అండ్ హైడ్రాలజీ, బెంగళూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ, పశువ్యాధుల సంస్థ నివేది, కర్ణాటక ఆరోగ్య శాఖ కలిసి పనిచేశాయి. లెక్కలు కట్టకముందే ఆరోగ్య, పశుసంవర్ధక, అటవీ శాఖలవాళ్లను అడిగి, మీకు ఏ సమాచారం ఉంటే పనికొస్తుందో తెలుసుకున్నారు. తడి అడవి, తోటలు కలగలిసి ఉండి నాటు పశువులు ఎక్కువగా ఉన్నచోట ప్రమాదం ఎక్కువని 2020లో చెప్పి, దానికి పటాలు తయారుచేశారు. జిల్లా ఆఫీసరు గోడకు తగిలించుకుని, ముందు ఏ ఊరికి వెళ్లాలో చూసుకోగల పని అది. చచ్చిన కోతిని మొదట చూసేది ఫారెస్టు బీట్ ఆఫీసరు లేదా పశువులు కాసే పిల్లాడు, డాక్టరు కాదు. వాళ్లను మొదటి నుంచీ కలుపుకోకపోతే ఎంత గొప్ప లేబొరేటరీ ఉన్నా కబురు ఆలస్యంగానే అందుతుంది. నా సర్వీసంతా చూశాను, మన ఏజెన్సీలో ఆరోగ్య శాఖకూ అటవీ శాఖకూ మధ్య జ్వరాల గురించి మాటే ఉండేది కాదు. కొండవాగుల్లో పెరిగే దోమ మలేరియా తెస్తుందని మాకు తెలుసు. ఆ వాగు పైన అడవి ఏమవుతోందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అది మా తప్పు కూడా.

ఇక అడగకుండా చేస్తే ఏమవుతుందో మన పక్కనే చూశాం. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశాయి. దాదాపు 14 వేల మంది పిల్లలు, వాళ్లలో ఎందరో హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. కానీ అనుమతి పత్రాలు తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 వార్డెన్లో, హెడ్‌మాస్టర్లో సంతకం పెట్టినవే. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఏమిటంటే, ఆ టీకా మంచిదే. ఆ క్యాన్సరుతో చనిపోయిన ఆడవాళ్లను నేను కళ్లారా చూశాను. తల్లి దగ్గరికి వెళ్లి, ఆమెకు అర్థమయ్యే మాటల్లో పది నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే చాలామంది ఒప్పుకునేవాళ్లు. ఆ పది నిమిషాలు మిగుల్చుకోవడానికి వార్డెన్ చేత సంతకం పెట్టించారు. ఆ తర్వాత ఏజెన్సీలో ఏ సూది పట్టుకెళ్లినా 'ఇదేం సూది, ఎవరు పంపారు' అని తల్లులు అనుమానంగా చూసేవాళ్లు. పల్స్ పోలియోకు వెళ్లినా అదే టెన్షన్. ఆ భారం మోసింది ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు.

డబ్బు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. విదేశీ నిధులు ఎప్పుడు ఆగుతాయో మన చేతిలో లేదు. 2021లో బ్రిటన్ తన విదేశీ సాయాన్ని కోసింది, పరిశోధనలకు ఇచ్చే సొమ్మూ అందులో పోయింది. 2025లో అమెరికా తన విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్‌నే మూసేసింది. అందుకే ఒప్పందం రాసుకునే రోజే, వాళ్లు వెళ్లిపోయాక ఈ పని ఎవరు నడుపుతారు, శిక్షణ పొందిన మన ఊరి కుర్రాళ్లకు జీతం ఎవరిస్తారు అన్నది కూడా రాసుకోవాలి. తమిళనాడులోని ముదుమలై అడవిలో 50 హెక్టార్లలో చెట్టు చెట్టుకూ నంబరు వేసి బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) వాళ్లు 1988 నుంచి లెక్క తీస్తున్నారు. అమెరికాకు చెందిన స్మిత్‌సోనియన్ సంస్థ ప్రపంచమంతా నడిపే అటవీ క్షేత్రాల వరుసలో అదీ ఒకటి. పని మనవాళ్ల చేతిలో ఉంది కాబట్టే అది ఇన్నేళ్లు నిలిచింది.

ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. విదేశీ భాగస్వామ్యంతో జరిగే ఆరోగ్య పరిశోధనలకు ఢిల్లీలో స్క్రీనింగ్ కమిటీ ఉంది. గిరిజన ప్రాంతాల స్వపరిపాలన కోసం వచ్చిన 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ఉంది. ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతోంది. మన ఏజెన్సీలో చేసే ప్రతి ఉమ్మడి పరిశోధనను మొదలుపెట్టే ముందు గ్రామసభలో వివరించాలి. ముగిశాక ఏం తేలిందో తెలుగులో, కోయలో, ఊరివాళ్లకు ఏది వాడుకైతే దానిలో అదే గ్రామసభకు వచ్చి చెప్పాలి. ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదని చెప్పినా చాలు. ఈ షరతు రాయకుండా గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులు ఎవరికీ అనుమతి ఇవ్వకూడదని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

మీకూ ఒక విన్నపం. ఇకమీదట ఇలాంటి ఒప్పందం వార్త వచ్చినప్పుడు మీ విలేకరిని ఒక్క ప్రశ్న అడగమనండి: ఏ ఊళ్లకు వెళ్తున్నారు, జవాబు పట్టుకుని తిరిగి ఆ ఊళ్లకు ఏ నెలలో వస్తారు? ఆ నెల పేరు కూడా మీ వార్తలో అచ్చువేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ అసిస్టెంట్,
రంపచోడవరం