పాప కన్ను దక్కింది, అందరికీ దండాలు

పరకాల దగ్గరి పల్లె పాపకు నిన్న హైదరాబాద్‌లో కంటి క్యాన్సర్ గడ్డకు కిరణాలు అందించడానికి కంటి వెనక కుట్టిన రుథీనియం (కిరణాలు వెలువరించే లోహం) బిళ్ళ తీసేశారు. కన్ను తీయాల్సిన పని పడలేదు. హన్మకొండలో కంటి పరీక్షలు చేసే మా బృందం తరఫున ఇందులో చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు.

మొదటి దండం ఆశా అక్కకు. ఫ్లాష్ ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి పిల్లి కన్ను లెక్క తెల్లగా మెరిస్తే దిష్టి అని ఊరుకోకుండా మా దగ్గరికి పంపింది. అది రెటినోబ్లాస్టోమా, అంటే చిన్న పిల్లల కంటి లోపలి పొరలో (రెటీనాలో) వచ్చే క్యాన్సర్. కీమోకు గడ్డ ముడుచుకుపోయి, మిగిలిన ముద్ద ఎత్తు 4 మిల్లీమీటర్లకు లోపే తేలింది. రుథీనియం-106 బీటా కిరణాలు 5, 6 మిల్లీమీటర్లు దాటితే సరిగా అందవు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఈ దారి మూసుకుపోయేదే.

కార్బోప్లాటిన్ అనే కీమో మందుతో ప్లేట్‌లెట్లు పడిపోవడం మామూలే. అడగ్గానే వచ్చి ఇచ్చిన కాలేజీ తమ్ముళ్ల వల్ల తర్వాతి డోసు వాయిదా పడలేదు.

ఆపరేషన్ థియేటర్ బృందం గురించి మాత్రం కొంచెం ఎక్కువే చెప్పాలె. అడ్డం వచ్చిన కండరాన్ని తాత్కాలికంగా విడదీసి, కంట్లోకి వెలుగు వేసి, గడ్డ నీడ అంచుల్ని తెల్లగుడ్డు మీద గుర్తుపెట్టారు. చుట్టూ 2 మిల్లీమీటర్లు అదనంగా తీసుకున్నారు. ముందు కిరణాలు లేని ఉత్తుత్తి బిళ్ళతో కుట్లు సరిచూసుకున్నాకే అసలుది పెట్టారు. అంచు ఒక్క మిల్లీమీటరు లేచినా ఆ పక్కన మోతాదు తగ్గి, గడ్డ మళ్లీ లేవొచ్చు.

ఎవరి కంటా పడని మనిషి ఫిజిసిస్ట్. రుథీనియం బలం ఏడాది దాటేసరికి సగమవుతుంది. అందుకే అదే బిళ్ళను వచ్చే ఏడు ఇంచుమించు రెట్టింపు గంటలు ఉంచాలి. గడ్డ కొనకు 40 గ్రే (కిరణాల మోతాదు కొలత) పైన అందేలా ఆ రోజు బలాన్ని బట్టి గంటలు లెక్కగట్టి ఇచ్చింది ఈయనే. బిళ్ళ ఉన్నన్నాళ్లు గర్భిణుల్ని, పిల్లల్ని గదిలోకి రానివ్వని నర్సమ్మల మీద చుట్టాలు అలిగారట. అలగనీయండి, వాళ్లు చేసింది సబబే.

బయటి నుంచి రేడియేషన్ ఇస్తే ముఖం ఎముకల ఎదుగుదల దెబ్బతినేది. బిళ్ళతో ఆ బెడద చాలావరకు తప్పింది. అయితే రెటీనా మీద కిరణాల దెబ్బ నెలలు, ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు, శుక్లం రావొచ్చు. కన్ను బాగుందని మత్తిచ్చి చేసే పరీక్షలు మానొద్దు.

ఆశా అక్కా, ఇంకో పని కూడా నీదే: పాప చిన్న తమ్ముడి రెండు కళ్లూ చుక్కలు వేసి చూడాలె, ఈ నెలలోనే పట్టుకొని రా.